ఇంటి కుక్కకు గుమ్మడి ముక్క

ధనుర్మాసము పట్టినది మొదలు మన ఇండ్లలో గుమ్మడికాయకు కొదువ ఉండదు. గొబ్బెమ్మలపై గుమ్మడిపూలు, పెరటిలో గుమ్మడిపాదు, పండుగనాడు దానమిచ్చుటకు గుమ్మడిపండు, అటుపిమ్మట అటకమీద వేసవివరకు నిలువ ఉండు కాయలు. కాయ చూడబోయిన పెద్దది, తినువారు చూడబోయిన నలుగురు. ఒక కాయ కోసినచో ఇంటిల్లిపాది రెండు పూటలు తిన్నను ఇంకను సగము మిగిలియుండును. మిగిలినదానిని ఇరుగుపొరుగులకు పంచుట ఒకనాటి మర్యాద. రిఫ్రిజిరేటరులో దాచుట నేటి అలవాటు. ఈ రెంటికిని నడుమ, వంటింటి గడపవద్ద తోక ఆడించుచు నిలిచియుండు ప్రాణి ఒకటి కలదు. దాని కన్నులు కాయమీదను, మన కన్నులు దానిమీదను ఉండును.

కుక్కకు గుమ్మడికాయ పెట్టవచ్చునా, పెట్టరాదా అని కుక్కలను పెంచువారు తరచుగా అడుగుచుందురు. పెట్టవచ్చును. అయితే కత్తిపీటవద్దనుండి పెట్టవలెను గాని కూరగిన్నెలోనుండి పెట్టరాదు. మేము చెప్పదలచినదంతయు ఇంచుమించుగా ఈ ఒక్క మాటలో ఉన్నది. కాని ఒక్క మాటలో చెప్పినది ఒక్క చెవిలోనే నిలుచును గనుక, ఈ మాట మాకు ఎట్లు తెలియవచ్చినదో మొదట మనవి చేయుదుము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా యింట మోతీ అను కుక్క ఉండెను. జాతికుక్క కాదు. వీధిలో పుట్టి, ఒకనాటి వానకు మా అరుగెక్కి, వాన వెలిసిన పిదపను దిగక అక్కడనే ఉండిపోయినది. బరువు పదునైదు కిలోలు ఉండవచ్చును. మేము తినునదే అదియును తినెను. ఆ యేడు భోగినాడు మా యింట దప్పళము కాచిరి. దప్పళమనగా శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు. గుమ్మడి ముక్కలు, ఆనప ముక్కలు, మునగకాడలు, వంకాయలు, చిన్న ఉల్లిపాయలు నిండుగా వేసి, చింతపండు పులుసు పోసి, బెల్లము తగిలించి కాచినది. పండుగ మూడు దినములును దప్పళము ఉన్నది. మూడు దినములును మోతీ గిన్నెలో అన్నమునకు తోడుగా దప్పళపు ముక్కలు పడినవి. కారము తగులకుండ ముక్కలను నీళ్లలో జాడించి పెట్టితిమి గదా యని మాకు తృప్తి కూడ ఉండెను.

కనుమ వెళ్లిన రెండవనాడు కుక్క లేవలేదు. పిలిచినచో తోక ఆడించెను గాని లేవలేదు. చిగుళ్లు చూడగా ఎర్రగా ఉండవలసినవి సున్నము పూసినట్లు తెల్లగా ఉన్నవి. మూత్రము కాఫీ కషాయము రంగున పడెను. ఇంటిలో తలకొక నిదానము చెప్పిరి. గుమ్మడికాయ చలువచేయును, చలికాలములో పెట్టరాదని మా నాయనమ్మగారు అనిరి. కుక్క కడుపునకు కాయగూర పడదని పొరుగింటివారు అనిరి. అందరి వేలును గుమ్మడికాయ వైపే చూపినది.

పశువైద్యులవద్దకు తీసికొనిపోతిమి. వారు చిగుళ్లు చూచి, కనురెప్ప ఎత్తి చూచి, “ఏమి పెట్టినారండీ?” అని అడిగిరి.

“అన్నమేనండీ. పండుగకు గుమ్మడికాయ ముక్కలు కలిపినాము.”

“గుమ్మడికాయ ఎట్లా వండినారు?”

మేము దప్పళము విధానము చెప్పసాగితిమి. ఉల్లిపాయల వద్దకు రాగానే వారు చేయెత్తి ఆపిరి. “ఆ గుమ్మడికాయను వదలివేయండి. ఉల్లిపాయలు ఎన్ని తిన్నదో అది చెప్పండి.”

గుమ్మడికాయల దొంగ ఎవరనగా భుజములు తడుముకొన్నాడని మనలో సామెత యున్నది. ఆనాడు వైద్యశాలలో భుజములు తడుముకొన్నవారము మేమే.

మోతీ బ్రదికినది. నాలుగు దినములు సెలైను ఎక్కించిరి. మూడు వారములకు గాని చిగుళ్లకు రంగు రాలేదు. ఆ మూడు వారములలో ఆ వైద్యుల వలన మేము తెలిసికొన్నదియు, అటుపిమ్మట చదివి తెలిసికొన్నదియు కలిపి ఇక్కడ చెప్పుచున్నాము.

ఉల్లి, వెల్లుల్లి ఒకే జాతివి. వానిలో గంధకముతో కూడిన పదార్థములు కొన్ని కలవు. ఉల్లి తరిగినప్పుడు మన కంట నీరు తెప్పించునదియు ఆ కోవలోనిదే. ఈ పదార్థములు కుక్క నెత్తురులోనికి చేరి ఎర్రకణములలోని రక్తవర్ణమును చెడగొట్టును. చెడిన కణములు పగిలిపోవును. మన నెత్తురు ఈ దాడికి ఓర్చుకొనగలదు, కుక్క నెత్తురు ఓర్చుకొనలేదు, పిల్లి నెత్తురు మరింత ఓర్చుకొనలేదు. కుక్క బరువులో నూటికి అరపాలు, అనగా కిలోకు 5 గ్రాములకు మించి ఉల్లి కడుపులో పడినచో అపాయమని పశువైద్య గ్రంథములు చెప్పుచున్నవి. పదునైదు కిలోల కుక్కకు అది 75 గ్రాములు. అనగా మోస్తరు ఉల్లిగడ్డ ఒకటి. దానిని ఒక్కసారి తిననక్కరలేదు. దినమునకు కొంచెము చొప్పున నాలుగు దినములు తిన్నను ఫలము అదే. ఉడికించిననను, వేయించిననను, ఎండబెట్టి పొడిచేసిననను ఆ గుణము పోదు. అన్నిటికంటె మోసమేమనగా, తిన్ననాడు కుక్కకు ఏమియు కానట్లే ఉండును. దెబ్బ బయటపడుట కొన్ని దినములకు. అప్పటికి ఏమి పెట్టితిమో మనమే మరచియుందుము.

ఇక చింతపండు సంగతి. ఇది క్రొత్తగా తెలియవచ్చినది. ఆనాటికి మా వైద్యులకును తెలియదు. ద్రాక్షపండ్లు, కిస్‌మిస్ తిన్న కుక్కలలో కొన్నింటికి మూత్రపిండములు చెడుట చాల కాలముగా వైద్యులు గమనించుచుండిరి గాని, ద్రాక్షలో ఏది విషమో అంతుచిక్కక ఉండెను. 2021లో అమెరికా దేశపు పశువైద్యులు కొందరు, ఆ దోషము ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమునదై ఉండునని సూచించిరి. 2022లో వారే, ద్రాక్ష జోలికి పోకుండ టార్టారు చూర్ణము గాని చింతపండు గాని తిని, అవే లక్షణములతో మూత్రపిండములు చెడిన కుక్కల వృత్తాంతములను ప్రకటించిరి. చింతపండు పులుపునకు ముఖ్య కారణము ఆ టార్టారిక్ ఆమ్లమే. పులుసు తిన్న ప్రతి కుక్కయు జబ్బుపడునని దీని అర్థము కాదు. మన వీధికుక్కలు ఎన్ని పులుసు విస్తరులు నాకలేదు! అయితే ఒకదానికి ఓర్పుగల కడుపు ఉండవచ్చును, మరొకదానికి లేకపోవచ్చును. ఏది ఎట్టిదో మన కుక్కమీద పరీక్షించి చూడవలసిన అవసరము మనకు లేదు. పులుసు తిన్న కుక్క ఆనాడో మరునాడో వాంతులు చేసికొని, ముడుచుకొని పడుకొని, మూత్రము తగ్గించినచో వైద్యునివద్దకు పోవుటకు ఆలసింపరాదు.

దప్పళమునకు ఇంత చరిత్ర ఉన్నప్పుడు తక్కిన గుమ్మడి వంటకములను గూర్చి విస్తరించనక్కరలేదు. హల్వాలో కిస్‌మిస్ ఉండును. చక్కెర వ్యాధివారి ఇంట చక్కెరకు మారుగా జైలిటాలు అను తీపి ఉండవచ్చును, అది కుక్కకు కొంచెమైనను ప్రాణాంతకము. నూనెలో వేయించిన కూరలు క్లోమగ్రంథికి చేటు. బూడిదగుమ్మడి వడియములలో ఉప్పు, పచ్చిమిరప, ఇంగువ కలిసియుండును. మేడమీద ఆరబోసిన వడియములను కాకులనుండి కాపాడుటకు కుక్కను కావలి ఉంచిన యిల్లు ఒకటి మేమెరుగుదుము; సాయంకాలమునకు కాకులు ఎన్ని తిన్నవో గాని కావలివాడు మాత్రము రాత్రియంతయు నీళ్లు త్రాగుచునే ఉండెను.

ఇంతవరకు గుమ్మడికాయ చేయని నేరములు చెప్పితిమి. ఇక దాని గుణములు చెప్పవలెను.

గుమ్మడిలో నూటికి తొంబదికి పైగా నీరే. 100 గ్రాముల పచ్చి గుమ్మడిలో సుమారు 26 కేలరీలు మాత్రమే ఉన్నవి. దాని పసుపుపచ్చని రంగుకు కారణమైన కెరోటీనును కుక్క తన శరీరములో ఏ విటమినుగా మార్చుకొనగలదు, పిల్లి మార్చుకొనలేదు. గుమ్మడిలోని పీచు మెత్తనిది; నీటిని పట్టియుంచును. అందుచేత ఒక విచిత్రము జరుగును. మలబద్ధకముతో బాధపడు కుక్కకు అది మలమును మెత్తబరచును, కొద్దిగా విరేచనములగు కుక్కకు అది మలమును గట్టిపరచును. రెండు వ్యతిరేకములైన పనులు ఒకే ముక్క చేయుట అబద్ధమువలె తోచును గాని, నీరెక్కువైనచోట పీల్చుకొనుట, తక్కువైనచోట పట్టియుంచుట రెండును ఆ పీచు గుణములే.

కుక్క మాంసాహారి గదా, దానికి కాయగూర ఎందుకని కొందరు అందురు. తోడేలు విషయములో ఆ మాట చాలవరకు నిజము. కుక్క మన పొయ్యివద్దకు చేరి వేల సంవత్సరములైనది. 2013లో స్వీడను శాస్త్రజ్ఞులు కుక్కల జన్యువులను తోడేళ్ల జన్యువులతో పోల్చి చూడగా, పిండిపదార్థమును జీర్ణము చేయు రసమునకు మూలమైన జన్యువు తోడేలులో రెండు ప్రతులు మాత్రమే ఉండగా, కుక్కలలో నాలుగు మొదలు ముప్పది వరకు ఉన్నట్లు తేలినది. మనతో కలిసి తిని తిని దాని కడుపు మన కడుపు వైపు కొంత మొగ్గినది. కొంతయే సుమండీ. అంతయు మొగ్గినదనుకొనుటచేతనే మోతీకి ఆ గతి పట్టినది.

పెట్టు విధము కష్టమైనది కాదు. పండిన గుమ్మడిని తీసికొని చెక్కు తీయవలెను. చెక్కు గట్టిది, కుక్క నమలక మ్రింగును, ప్రేగులలో అడ్డుపడును. తొడిమయు అంతే. లోపలి గింజలను, పీచుగుంజును తీసివేసి, ముక్కలను వట్టి నీళ్లలో గాని ఆవిరిమీద గాని మెత్తగా ఉడికించి, చల్లార్చి, చిదిమి, దాని మామూలు అన్నములో కలుపవలెను. ఉప్పు వేయరాదు. ఉప్పు లేనిదే అది ఎట్లు తినునని ఇంటివారికి జాలి కలుగుట సహజము. ఆ జాలి మన నాలుకది, కుక్క నాలుకది కాదు. పచ్చి ముక్కలు గొంతుకు అడ్డుపడవచ్చును, జీర్ణమగుటయు కష్టము.

కొలత విషయమై తగవులు ఎక్కువ. అయిదు కిలోల లోపు బుల్లి కుక్కకు కాఫీ చెంచాతో ఒకటి రెండు. పది పదునైదు కిలోల దానికి పెద్ద గరిటె చెంచాతో ఒకటి రెండు. అంతకు మించిన పెద్ద జాగిలమునకు మూడు నాలుగు. ఒకనాటికి ఇంతే. మొదటిసారి ఇందులో సగమే పెట్టి, రెండు దినములు మలము ఎట్లున్నదో చూచి పెంచవలెను. మంచిదని గిన్నెడు పెట్టినచో రెండు నష్టములు. పీచు ఎక్కువై కడుపుబ్బరము, విరేచనములు కలుగుట ఒకటి. రెండవది కంటికి కనబడనిది. పది కిలోల కుక్కకు దినమునకు సుమారు 600 కేలరీల ఆహారము కావలెను. గిన్నెడు గుమ్మడితో దాని కడుపు నిండును గాని శరీరము నిండదు. అసలు భోజనము కాక పెట్టు చిరుతిండ్లన్నియు కలిపి ఆహారములో పదవ వంతునకు మించరాదని పశువైద్యుల నియమము. గుమ్మడి ఆ పదవ వంతులోనిది. బరువెక్కిన కుక్కను తగ్గించుటకు అన్నము కొంత తగ్గించి గుమ్మడి కొంత చేర్చుట ఉపాయమే, కాని అది వైద్యుని సలహాతో జరుగవలెను. మూత్రపిండముల జబ్బు, చక్కెర జబ్బు ఉన్న కుక్కల విషయమును అంతే. గుమ్మడిలో పొటాషియము తక్కువేమియు కాదు.

గుమ్మడికి దాయాదులు అనేకులు. ఆనప, బీర, పొట్ల, దోస, బూడిదగుమ్మడి, కాకర అన్నియు ఒక్క కుటుంబమే. కాకరను కుక్కకు పెట్టరాదు. తక్కినవి పైన చెప్పిన విధముగా ఉడికించి కొంచెము పెట్టవచ్చును. అయితే ఈ కుటుంబమునకు వంశపారంపర్యముగా వచ్చు దోషము ఒకటి కలదు. శ్రోతలు దయచేసి దీనిని శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాము. అది చేదు.

ఈ తీగలన్నియు తమ్ము తిననెంచు పురుగులను, పశువులను తరుముటకై కుకుర్బిటాసినులను చేదు పదార్థములను తయారు చేసికొనును. అడవిలోని చేదుపుచ్చలో అవి నిండుగా ఉండును. అందుకే అది అంతటి ఉగ్రమైన విరేచనకారి. వేల ఏండ్లుగా రైతులు తీయని కాయల గింజలనే ఏరి విత్తుచు వచ్చుటచేత మన తోటకాయలలో ఆ చేదు అణగియున్నది. అణగియున్నదే కాని చావలేదు. అడవిజాతి పుప్పొడి సోకిన కాయ గింజలు మొలచినప్పుడు, నీటి ఎద్దడిచే తీగ బాధపడినప్పుడు, ఒక్కొక్క కాయలో అది మరల తలయెత్తును. పైకి చూచుటకు కాయలో భేదమేమియు ఉండదు. ఉడికించినను ఆ విషము పోదు. దానికి విరుగుడు మందు లేదు.

ఇది వట్టి భయపెట్టు మాట కాదు. 2010లో ఢిల్లీలో చేదు ఆనపకాయ రసము త్రాగి ఒక శాస్త్రజ్ఞులు మరణించిరి. అటుపిమ్మట భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘము ఇట్టి ఉదంతములను విచారించినది. వాంతులు, నెత్తురు విరేచనములు, రక్తపు పోటు పడిపోవుట వీని లక్షణములు. రసము తీయుటకు ముందు చిన్న ముక్క నోట వేసికొని చూడవలెననియు, చేదైనచో కాయను పారవేయవలెననియు ఆ సంఘము సలహా యిచ్చినది. 2015లో జర్మనీ దేశములో ఇంటితోటలో కాచిన చేదు స్క్వాష్ కాయ కూర తిని ఒక వృద్ధుడు మరణించెను. మనుష్యునకే ఇట్లయినప్పుడు పది కిలోల కుక్క మాట చెప్పనేల? మన నాలుకపై రుచిమొగ్గలు సుమారు తొమ్మిది వేలు ఉండగా, కుక్క నాలుకపై వేయిన్ని ఏడు వందలు మాత్రమే. పైగా అది నమలదు, మ్రింగును. అన్నములో కలిసిన చేదును అది గుర్తించి వదలునని నమ్ముటకు వీలులేదు.

ఇక్కడ మా నాయనమ్మగారికి న్యాయము చేయవలసియున్నది. గుమ్మడి చలువను గూర్చి ఆమె చెప్పినది నిలువలేదు గాని, ఆమె బీరకాయ కోసిన ప్రతిసారియు, దోసకాయ కోసిన ప్రతిసారియు, చివర చిన్న చెక్క తీసి నాలుకకు తగిలించి, చేదు లేనిదే రెండవ ముక్క కోయలేదు. ఏ మండలియు ఆమెకు చెప్పలేదు. మన వంటింటి ఆడువారిలో ఈ అలవాటు తరతరములుగా ఉన్నది. కుక్కకు వేరుగా ఉడికించునపుడు మాత్రము ఈ పరీక్ష మరచిపోవుట మేము చూచితిమి. “కుక్కకే గదా” అను మాట వెంటనే వచ్చును. పాదున దానంతటది మొలచిన తీగ కాయయు, మనకు చేదని ప్రక్కన పెట్టిన కాయయు “కుక్కకే గదా” యని గిన్నెలో పడును. రుచి చూచి ఉమిసివేయుటకు క్షణము పట్టదు. గుమ్మడినైనను, ఆనపనైనను ముక్క నాలుకకు తగిలించి, చేదు తోచిన కాయను పెంటకుప్పమీద గాక గోతిలో పూడ్చవలెను. కుప్పమీద వేసినచో వీధిలోని కుక్క, పశువు తినును.

కుప్పమాట వచ్చినది గనుక దిష్టికాయ సంగతి కూడ మనవి చేయుదుము. అమావాస్యనాడు, విజయదశమినాడు దుకాణములముందు, వాహనములముందు గుమ్మడికాయ కొట్టుట కలదు. కాయకు తొలి చేసి లోపల కుంకుమ, చిల్లర నాణెములు వేయుదురు; పైన కర్పూరము వెలిగింతురు. కొట్టిన చెక్కలను వీధికుక్కలు నాకుట అందరును చూచినదే. నాణెము మ్రింగిన కుక్కకు శస్త్రచికిత్స తప్పకపోవచ్చును. కాలక మిగిలిన కర్పూరము కుక్కకు విషము. ఆచారమును మేము తప్పుపట్టుట లేదు. కొట్టినవారే గడియ సేపటికి చెక్కలు ఎత్తివేసినచో కుక్కకును మేలు, ద్విచక్రవాహనముపై వచ్చువారికిని మేలు. గుమ్మమునకు వ్రేలగట్టి మరచిన కాయ కుళ్లి బూజుపట్టి రాలిపడుటయు కలదు. బూజుపట్టినది ఏదియు కుక్క నోటికి అందరాదు.

గింజల విషయము క్లుప్తముగా చెప్పుదుము. గుమ్మడిగింజలు కడుపులోని పురుగులను పడగొట్టునని పూర్వమునుండి ప్రతీతి. ఆ నమ్మకముతో కుక్కకు పురుగుమందు మానివేయుట పొరపాటు. కొవ్వు అధికముగా గల గింజలవి. ఉప్పు లేకుండ వేయించి పొడిచేసి చిటికెడు కలిపిన తప్పులేదు, కాని వైద్యుడిచ్చు మందునకు అవి బదులు కావు.

మరియొక బదులును గూర్చి ఇంతకంటె గట్టిగా చెప్పవలసియున్నది. గుమ్మడి విరేచనములకు మంచిదని మేమే చెప్పితిమి. తిండి మార్పుచేత ఒకటి రెండు సార్లు కడుపు జారిన పెద్ద కుక్కకు ఆ మాట చెల్లును. పిల్లకుక్క సంగతి వేరు. టీకాలు పూర్తికాని కుక్కపిల్ల వాంతులతో, నెత్తురు విరేచనములతో డీలాపడినచో అది చాలవరకు పార్వో అను అంటురోగము. 1978 ప్రాంతమున వెలుగుచూచిన ఈ జబ్బు పిల్లలను రెండు మూడు దినములలో కబళించును. దానికి కావలసినది సెలైను, వైద్యుడు, వెంటనే. గుమ్మడి గుజ్జుతో ఒక దినము చూతము, రేపటికి తగ్గునేమో చూతమని ఆగిన యిల్లు మా వీధిలోనే ఒకటి ఉన్నది. ఆ పిల్ల మరునాటి సాయంకాలము చూడలేదు. ఆ యింటివారు గుమ్మడిని ఎంత శ్రద్ధగా ఉడికించిరో, ఎంత ప్రేమతో చెంచాతో నోటికి అందించిరో మేము కన్నులార చూచితిమి. పెద్ద కుక్కకైనను విరేచనములు రెండవనాటికి ఆగనిచో, నెత్తురు కనబడినచో, నీళ్లు కూడ నిలువనిచో గుమ్మడి కాలము దాటిపోయినదని తెలియవలెను.

పొరపాటున ఉల్లియో కిస్‌మిస్‌యో తిన్నదని తెలిసినప్పుడు ఉప్పునీళ్లు పోసి కక్కించు పద్ధతి కొన్ని ఇండ్లలో ఉన్నది. అది కూడదు, ఆ ఉప్పే మరొక విషమగును. ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని గంటలైనది కాగితముమీద వ్రాసికొని వైద్యునికి ఫోను చేయవలెను. తిన్న గంట రెండు గంటలలో వైద్యుడు చేయగలిగినది మూడవనాడు చేయలేడు.

మోతీ ఆ తరువాత ఆరు సంవత్సరములు ఉండి, ముసలితనమున పోయినది. ఇప్పుడు మా యింట ఉన్నది దాని మనుమరాలి వయసుగల మరొక వీధిబిడ్డ. కత్తిపీట వాల్చిన చప్పుడు వినబడగానే అది ఎచ్చటనున్నను వచ్చి గడపకు ఈవల కూర్చుండును. మొదటి చెక్క కోసినవారు నాలుకకు తగిలించుకొందురు. చెక్కుతీసిన నాలుగు ముక్కలు వేరుగా చిన్న సత్తుగిన్నెలోనికి పోవును. అవి ఉడికి చల్లారువరకు ఉల్లిపాయల బుట్ట దింపరు. అది తిని, గిన్నెను ముక్కుతో తోయుచు గోడవరకు తీసికొనిపోయి అక్కడ నాకును. అప్పుడు గాని దప్పళము పొయ్యిమీదకు ఎక్కదు.